భర్త పోయాక పింఛను: ఏ కాగితం ముందు, ఏ ఆఫీసు తర్వాత

గ్రామ, వార్డు సచివాలయంలో పింఛను దరఖాస్తు ఎక్కించడానికి పది నిమిషాలు చాలు. దానికి ముందు కాగితాలు సరిచేసుకోవడానికే నెల పడుతుంది. ఆ నెల రోజుల పని గురించే చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద ఇచ్చే వితంతు పింఛను గురించే ఇదంతా. ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. తెలంగాణ వాళ్ళ కోసం చివర్లో కొంచెం రాశాను.

నేను దగ్గరుండి చూసిన కేసుల్లో ఎక్కువ ఆగిపోయింది అర్హత లేక కాదు. ఒక కాగితంలో పేరు ఇంకో కాగితంలో పేరుతో కలవక.

1. ముందు మీది ఏ కేసో తేల్చుకోండి

చనిపోయిన భర్తకు అప్పటికే పింఛను వస్తోందా? దీన్ని బట్టి దారి మారిపోతుంది.

వస్తుంటే పని తేలిక. 2024 నవంబరు నుంచి పింఛనుదారుడైన భర్త చనిపోతే భార్యకు పింఛను ఇచ్చే ఏర్పాటు ఉంది. సచివాలయంలో దీన్ని ‘స్పౌజ్ పింఛను’ అంటారు. అక్కడికి వెళ్ళి ‘విడో పింఛను’ అని అడిగితే ‘కొత్తవి ఇప్పుడు తీసుకోవట్లేదమ్మా’ అని పంపేయొచ్చు. ‘మా ఆయనకి పింఛను వచ్చేది, స్పౌజ్ కింద పెట్టండి’ అని సూటిగా అడగండి. ఆయన పింఛను ఐడీ నంబరు చెప్పండి.

రాకపోతే మీది కొత్త వితంతు పింఛను. వయసు 18 నిండితే చాలు, కానీ కొత్త పింఛన్లకు దరఖాస్తులు ఏడాది పొడవునా తెరిచి ఉండవు. ప్రభుత్వం తెరిచినప్పుడే ఎక్కిస్తారు. ఎలాగూ ఆగాలి కదా అని ఊరుకోకండి, ఈలోపు కాగితాలు సిద్ధం చేసుకోండి. తెరిచాక మొదలుపెట్టిన వాళ్ళు గడువు తేదీన మరణ పత్రం కోసం మున్సిపాలిటీ మెట్లెక్కుతుంటారు.

ఇంటికి ఒక పింఛనే అన్నది సాధారణ నియమం. తీవ్ర వైకల్యం, కిడ్నీ జబ్బు లాంటి వాటికి సడలింపు ఉంది. మీ రైస్ కార్డులోనే (రేషను కార్డు) ఉన్న అత్తగారికో మామగారికో పింఛను వస్తుంటే ఆ సంగతి మొదటే చెప్పండి.

2. మరణ ధ్రువీకరణ పత్రం

అన్నిటికన్నా ముందు కాగితం ఇదే. దీంట్లో తప్పు దొర్లితే వెనకున్నవన్నీ తప్పుతాయి.

మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదు చేయించాలి, మీరు ఉండే ఊళ్ళో కాదు. ఊళ్ళో ఇంటి దగ్గర పోతే పంచాయతీ కార్యదర్శి దగ్గర. గుంటూరులోనో కాకినాడలోనో పెద్దాసుపత్రిలో పోతే ఆ నగరంలో. అంబులెన్సులో తీసుకెళ్తుంటే దారిలో పోతే, చట్టం ప్రకారం బండి మొదట ఆగిన చోటు లెక్క. ఆసుపత్రిలో పోయిన మనిషికి పంచాయతీలో పత్రం కావాలని తిరిగి తిరిగి రెండు నెలలు పోగొట్టుకున్న కుటుంబం మా వీధిలోనే ఉంది.

గడువులు ఇలా ఉంటాయి:

- 21 రోజుల్లోపు: ఫీజు లేకుండా నమోదు.
- 21 నుంచి 30 రోజులు: ఆలస్య రుసుముతో.
- 30 రోజులు దాటి ఏడాది లోపు: జిల్లా స్థాయి అధికారి అనుమతి కావాలి.
- ఏడాది దాటితే: మేజిస్ట్రేటు అధికారాలున్న వారి ఆర్డరు కావాలి. మన దగ్గర ఇది మామూలుగా ఆర్డీవో ఆఫీసు పని.

ఆసుపత్రిలో పోతే సమాచారం వాళ్ళే పంపుతారు. ఆ ఫారం నింపే చోటే పేర్లు తారుమారయ్యేది. ఏడుపుల మధ్య ఎవరో మేనల్లుడు ‘పేరేంటి’ అంటే పిలుపు పేరు చెప్పేస్తాడు. మా బాబాయి విషయంలో జరిగింది అదే. ఆధార్‌లో వెంకట సుబ్బారావు. ఆసుపత్రి నుంచి వెళ్ళిన కాగితంలో సుబ్బయ్య. ఊరంతా పిలిచే పేరు అదే మరి. దాన్ని సరిచేయించడానికి మా పిన్ని ఆటో ఖర్చులే పదిహేను వందలు దాటాయి.

కాబట్టి ఆ సమయంలో ఇంట్లో ఒకరికి ఒకే పని అప్పజెప్పండి: ఆయన ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని, ఎవరు పేరు అడిగినా కార్డు చూపించడం. నోటితో చెప్పొద్దు.

పత్రం చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి ఇవి చూడండి:

- చనిపోయిన వారి పేరు, ఆధార్‌లో ఉన్నట్టే ఉందా?
- భార్య పేరు ఉందా? ఉంటే మీ ఆధార్‌లో ఉన్నట్టే ఉందా?
- చనిపోయిన తేదీ సరిగ్గా ఉందా?
- ఇంటి చిరునామా పడిందా? ఆసుపత్రి చిరునామానే రెండు చోట్లా వేయడం మామూలు పొరపాటు.

తప్పుంటే నమోదు చేసిన రిజిస్ట్రారుకే సవరణ అర్జీ పెట్టాలి. దానికి ఆధార్, రైస్ కార్డు జిరాక్సులు జతచేయండి. పత్రం కాపీలు నాలుగైదు తీసుకోండి. పింఛనుకే కాదు, బ్యాంకుకీ, కరెంటు ఆఫీసుకీ, పొలం మ్యుటేషనుకీ (రికార్డులో పేరు మార్పు) అడుగుతారు.

3. ఆయన పాస్‌బుక్ ఒకసారి తిరగేయండి

ఇది పింఛను పని కాదు, కానీ దీనికి గడువు ఉంది కాబట్టి ఇక్కడే చెప్తున్నాను.

పాస్‌బుక్ ప్రింట్ చేయించి, మే నెలాఖరు, జూన్ మొదట్లో 436 రూపాయలు కట్ అయ్యాయేమో చూడండి. అయితే ఆయనకు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టు. మరణం ఏ కారణంతో జరిగినా నామినీకి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా. అది ప్రమాదంలో పోతేనే వర్తిస్తుంది, అదీ 2 లక్షలే.

ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచిలోనే క్లెయిమ్ ఫారం ఇస్తారు. 30 రోజుల్లోపు ఇచ్చేయడం మంచిది. ఎన్నో ఇళ్ళలో ఈ 436 సంగతి భార్యకు తెలియను కూడా తెలియదు.

ఇంకొకటి. పోయిన మనిషి 18 నుంచి 59 ఏళ్ళ మధ్య వాడై, ఇల్లు ఆయన సంపాదన మీదే నడుస్తుంటే, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబానికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20,000 ఇచ్చే కేంద్ర పథకం ఉంది. తహసీల్దారు ఆఫీసులో ఆ పేరుతోనే అడగండి.

4. పేర్ల పట్టిక వేసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని అయిదు నిలువు గీతలు గీయండి. పైన వరసగా ఇలా రాయండి: మరణ పత్రం, ఆయన ఆధార్, మీ ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్. ఒక్కో గడిలో ఆయన పేరు, మీ పేరు, మీ పుట్టిన తేదీ అందులో ఎలా ఉంటే అలా, అక్షరం మార్చకుండా దించండి. ఇంగ్లీషు స్పెల్లింగు కూడా.

అరగంట పని. కానీ సచివాలయంలో కంప్యూటరు ఎర్రగా చూపించబోయేదంతా ఈ కాగితం మీద ముందే కనపడుతుంది.

ఎక్కువగా దొరికే తేడాలు:

- ఇంటి పేరు. పెళ్ళికి ముందు తీసిన ఆధార్‌లో పుట్టింటి పేరు, రైస్ కార్డులో అత్తింటి పేరు. మన ఆడవాళ్ళలో దీన్ని దాటినవాళ్ళు తక్కువ. ఆధార్ మార్చడం కంటే రైస్ కార్డునో పాస్‌బుక్కునో ఆధార్‌కి తగ్గట్టు మార్చుకోవడమే తేలిక. ఆధార్‌లో పేరు మార్చే అవకాశం జీవితంలో రెండుసార్లే.
- వయసు. జనవరి 1 పుట్టిన తేదీగా పడిన ఆధార్‌లు బోలెడు ఉన్నాయి, వాటిని కదపకండి. వితంతు పింఛనుకు వయసు 18 దాటితే చాలు కదా. పుట్టిన తేదీ మార్పు ఒకేసారి ఇస్తారు, దాన్ని ఊరికే వాడుకోవద్దు.
- ‘కేరాఫ్’ పేరు. ఇప్పుడు వచ్చే ఆధార్‌లలో భర్త అనీ తండ్రి అనీ బంధుత్వం వేయట్లేదు, కేరాఫ్ అని మాత్రమే ఉంటుంది. కాబట్టి ఆధార్ ఒక్కటి చూపించి ‘ఈయన నా భర్త’ అని నిరూపించలేరు. రైస్ కార్డో, పిల్లల సర్టిఫికెట్లో తోడు కావాలి.

పేరులో చిన్న తేడా ఉండి సవరణకు టైము లేకపోతే ‘రెండు పేర్లూ ఒకే మనిషివి’ అని నోటరీ అఫిడవిట్ చేయించి జత చేస్తారు. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు. మీ సచివాలయంలో అడిగాకే నోటరీకి డబ్బు పెట్టండి.

5. ఫోను, వేలిముద్ర

మీ ఆధార్‌కి లింకైన ఫోను నంబరు ఎవరిది? చాలా ఇళ్ళలో అది ఆయనదే. ఆయన పోయాక ఆ సిమ్‌కి రీఛార్జి చేయించరు. మూడు నెలలు వాడకపోతే కంపెనీ ఆ నంబరు తీసేయొచ్చు, ఆ తర్వాత కొన్నాళ్ళకు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు మీ ఓటీపీలు ఎవరికో వెళ్తాయి.

ముందు ఆ సిమ్ బతికించుకోండి. తర్వాత ఆధార్ కేంద్రానికి వెళ్ళి మీ నంబరు లింక్ చేయించుకోండి. ఫీజు 75 రూపాయలు, రసీదు తీసుకోండి.

పొలం పనులు, అంట్లు తోమే పనులు చేసేవాళ్ళకి వేలిముద్ర పడదు. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ మళ్ళీ తీయించుకుంటే 125 రూపాయలు. అదీ కుదరకపోతే కంటిపాపతోనో, ముఖంతోనో సచివాలయంలో ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడటం) చేస్తారు. వేలు పడలేదని వెనక్కి పంపితే ‘ఐరిస్‌తో చూడండి’ అని అడగండి.

6. రైస్ కార్డు, ఇంటి మ్యాపింగ్

సచివాలయం కంప్యూటరులో మీ కుటుంబం ఒక లెక్కగా ఉంటుంది. దాన్ని హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. పథకం ఏదైనా ఆ లెక్క చూసే ఇస్తారు. అందులో మీతో ఎవరెవరు ఉన్నారో దరఖాస్తుకు ముందే చూపించమనండి.

పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటున్న కొడుకు ఇంకా మీ లెక్కలోనే ఉంటే, అతని ఉద్యోగం, కారు, ఇన్‌కమ్ ట్యాక్సు అన్నీ మీ మెడకు చుట్టుకుంటాయి. అతన్ని విడదీయాలంటే ముందు రైస్ కార్డులో విభజన జరగాలి. పెళ్ళి రుజువు అడుగుతారు. దీనికి వారాలు పట్టొచ్చు, అందుకే ముందు మొదలుపెట్టమనేది.

ఆయన పేరు రైస్ కార్డు నుంచి తీయించే ముందు, ఇద్దరి పేర్లూ ఉన్న కార్డు జిరాక్సు తీసి దాచుకోండి. మీరు ఆయన భార్య అని చూపించే తేలికైన కాగితం అదే.

7. ఆరంచెల పరిశీలనలో ఎక్కడ ఇరుక్కుంటారు

దీన్ని అందరూ సిక్స్ స్టెప్ అనే పిలుస్తారు. మీ కుటుంబం ఆధార్ నంబర్లను రకరకాల శాఖల రికార్డులతో కంప్యూటరే సరిపోలుస్తుంది. ఆదాయంతో పాటు చూసే ఆరూ ఇవి:

- నెల ఆదాయం: పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 లోపు.
- పొలం: మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట 10 ఎకరాల లోపు, రెండూ కలిపితే 10 ఎకరాల లోపు.
- కరెంటు: సగటున నెలకు 300 యూనిట్ల లోపు.
- ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ ప్రభుత్వ పింఛనుదారుడు గానీ ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఉంది.
- కారు ఉండకూడదు. ఆటో, ట్యాక్సీ, ట్రాక్టరుకు మినహాయింపు.
- ఇన్‌కమ్ ట్యాక్సు కట్టేవాళ్ళు ఉండకూడదు.
- పట్టణంలో అయితే ఇల్లు 1,000 చదరపు అడుగుల లోపు.

నిజంగానే ఇవి దాటితే చేసేదేమీ లేదు. కానీ లేని కారు ఉన్నట్టు, వాడని కరెంటు వాడినట్టు చూపించడం మామూలే. అప్పుడు గొడవ పడాల్సింది సచివాలయంతో కాదు, ఆ రికార్డు ఏ శాఖదో ఆ శాఖతో.

కరెంటు. అద్దె ఇంటి మీటరుకో, ఇంటి యజమాని మూడు మీటర్లకో మీ ఆధార్ ఎక్కి ఉంటుంది. ఆ సర్వీసు నంబర్లేవో సచివాలయంలో రాయించుకుని కరెంటు ఏఈ ఆఫీసులో ఆధార్ తీసేయమని అర్జీ ఇవ్వండి.

కారు. ఆయన పదేళ్ళ కింద అమ్మేసిన పాత వ్యాను ఇంకా ఆయన పేరు మీదే ఉంటుంది. ఆర్సీ మార్చకుండా ‘సంతకం పెట్టిచ్చేశాం’ అనుకుని వదిలేసిన బండ్లు ఇవి. రవాణా శాఖ ఆఫీసులో బదిలీ పూర్తయితేనే తొలగుతుంది. కొన్నవాడిని వెతకడమే ఇందులో అసలు తలనొప్పి.

పొలం. అన్నదమ్ములు ఎప్పుడో పంచుకున్నా, మీభూమిలో (ప్రభుత్వ భూమి రికార్డుల సైటు) మొత్తం ఆయన పేరుతోనే ఉంటుంది. ఎవరి పేరున ఎంత పొలం ఉందో చూపే 1బీ కాగితం తీసి చూడండి. ఎక్కువ చూపిస్తుంటే మ్యుటేషన్ కోసం రెవెన్యూ వాళ్ళ దగ్గరికి వెళ్ళక తప్పదు.

ఏ మెట్టు దగ్గర ఆగిందో నోటిమాటగా వినొద్దు. ‘సిక్స్ స్టెప్‌లో పోయిందమ్మా’ అంటే ఆరింట్లో ఏది? స్క్రీను చూపించమనండి, లేదా తెల్లకాగితం మీద రాసిమ్మనండి.

8. సచివాలయానికి వెళ్ళే రోజు

పల్లెలో సంక్షేమ, విద్యా సహాయకుడిని కలవాలి. పట్టణంలో వార్డు వెల్ఫేర్ కార్యదర్శిని. వెళ్ళేముందు ఒక ఫోన్ చేసి ఉన్నారో లేరో కనుక్కోండి. సర్వేలకీ మీటింగులకీ వాళ్ళు బయటే ఎక్కువ తిరుగుతారు. ఒకటో తారీఖు, ఆ ముందు రోజు అసలు వెళ్ళొద్దు, పింఛన్ల పంపిణీ హడావుడిలో ఉంటారు.

సంచిలో ఇవి ఉన్నాయా:

- మరణ పత్రం ఒరిజినల్, రెండు జిరాక్సులు
- మీ ఆధార్, ఆయన ఆధార్ జిరాక్సులు
- రైస్ కార్డు
- ఆయనకు పింఛను ఉంటే ఆ పింఛను ఐడీ
- పాస్‌బుక్ మొదటి పేజీ
- రెండు ఫొటోలు
- ఆధార్‌కి లింకైన ఫోను, ఛార్జింగుతో
- మీరు వేసుకున్న పేర్ల పట్టిక

మనిషి తప్పకుండా వెళ్ళాలి, ఈకేవైసీ ఉంటుంది. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి, ఇచ్చి రావద్దు. దరఖాస్తుకు ఫీజు లేదు. ‘పైన చూసుకోవాలి’ అని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి, ఇచ్చినంత మాత్రాన సిక్స్ స్టెప్ మారదు.

ఎక్కించాక అప్లికేషన్ నంబరు తీసుకోకుండా లేవొద్దు. ‘సర్వర్ డౌన్, కాగితాలిచ్చి వెళ్ళండి, రేపు ఎక్కిస్తాం’ అన్నారనుకోండి, రేపు మళ్ళీ వెళ్ళండి. మా పిన్ని కాగితాలు అలాగే ఒక బల్ల సొరుగులో పంతొమ్మిది రోజులు పడుకున్నాయి. ఎవరి తప్పూ కాదు, ఆ ఉద్యోగి బదిలీ అయిపోయాడంతే.

9. ఆగిపోతే

ఎక్కించాక ఇంటికొచ్చి విచారణ చేస్తారు. ఆ పైన గ్రామాల్లో ఎంపీడీవో, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్ స్థాయికి వెళ్తుంది. పదిహేను రోజులకోసారి నంబరు చెప్పి ఎక్కడుందో అడగండి.

కదలకపోతే ఈ వరసలో వెళ్ళండి: ముందు ఎంపీడీవో లేదా కమిషనర్ ఆఫీసు. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్, అంటే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ అర్జీ ఇస్తే నంబరు వస్తుంది, దాని స్థితి 1100కి ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.

అర్జీలో బాధంతా రాయకండి. ఎనిమిది లైన్లు చాలు: మీరెవరు, భర్త ఎప్పుడు పోయారు, అప్లికేషన్ నంబరు, ఏ తేదీన ఇచ్చారు, ఏ మెట్టులో ఆగింది, ఆ రికార్డు ఎందుకు తప్పు, దానికి రుజువుగా ఏది జత చేశారు, ఏం కావాలి. నాలుగు పేజీల అర్జీని చదివే తీరిక సోమవారం పూట ఎవరికీ ఉండదు.

10. తెలంగాణలో అయితే

అక్కడ చేయూత పింఛను. వితంతువులకు నెలకు 2,016. ఊళ్ళో పంచాయతీ కార్యదర్శి, మండలంలో ఎంపీడీవో, పట్టణంలో మున్సిపల్ ఆఫీసు చూస్తాయి. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఉండాలి. పొలం మాగాణి 3 ఎకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు దాటకూడదు. మరణ పత్రం, పేర్ల పట్టిక, ఫోను నంబరు గురించి పైన రాసినదంతా అక్కడా అంతే.

11. మంజూరయ్యాక మొదటి తారీఖు

ఇది మళ్ళీ ఆంధ్ర సంగతి. డబ్బు ఇంటి దగ్గరే ఇస్తారు, వేలిముద్రో ముఖమో తీసుకుని. ఒకటో తారీఖు సెలవైతే ముందు రోజే వస్తారు. మీ ఇల్లు ఏ ఉద్యోగి పరిధిలో ఉందో, అతని ఫోను నంబరేమిటో రాసి గోడకు అంటించుకోండి.

ఆ రోజు ఊళ్ళో లేకపోతే పింఛను పోదు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల మూడూ కలిపి ఇస్తారు. మూడో నెల కూడా దాటనివ్వకండి. కూతురి దగ్గర ఎక్కువ కాలం ఉండేట్టయితే పింఛను ఆ ఊరి సచివాలయానికి మార్చే అవకాశం ఎప్పుడు తెరుస్తారో అడిగి, ఆమె ఊరి సచివాలయం పేరు, కోడ్ ముందే రాసిపెట్టుకోండి. మార్పు ఎక్కించేటప్పుడు అడిగేది ఆ కోడే.